పచ్చివాసన పోయేదాకా

మా ఆయన పేరు ఆదాము. సౌదీలోని ఈ రాస్ తనూరాలో మమ్మల్ని ఎరిగిన తెలుగువాళ్ళలో ఆ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. సిస్టర్ జ్ఞానమణి గారి హస్బెండ్ అంటే మాత్రం ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఇరవై ఏళ్ళ నుంచీ ఆయన అలాగే నెట్టుకొస్తున్నారు పాపం. పాపం అన్నానని తెలిస్తే ఊరుకోరు, ఆ మాట ఆయన దగ్గర మాత్రం అనకండి.

పెళ్ళికి ముందు పాలకొల్లు దగ్గర ఒక రైసు మిల్లులో గుమస్తా. గుమస్తా అంటే కూర్చుని లెక్కలు రాసే పని అనుకునేరు. లెక్కలు రాయడానికి వేరే ఆయన ఉండేవాడట. ఈయన పని వాసన చూడటం. ధాన్యం బస్తాలు దిగుతుంటే ఒక్కో బస్తాలోంచి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది తడిసిన సరుకు, ఇది ముక్కిపోయిన సరుకు అని చెప్పేసేవారు. పెళ్ళిచూపులకి మా ఇంటికొచ్చినప్పుడు కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండానే, పాలు అడుగంటినట్టున్నాయండీ అన్నారు మా అమ్మతో. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఈ ముక్కుగాణ్ణి చేసుకోను పొమ్మన్నాను. కానీ పాలు అడుగంటిన మాట నిజమే, కాచింది నేనే.

నాకు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చాక రెండేళ్ళకి ఆయన్ని రప్పించుకున్నాను. ఇక్కడ ఉండనిచ్చే కార్డుని ఇఖామా అంటారు, నా ఇఖామా మీద ఆయన ఇఖామా. పని చేయడానికి వీల్లేదు అని దాని మీద అచ్చేసి ఉంటుంది. మగాడి జేబులో పొద్దస్తమానం ఆ ముక్క పెట్టుకుని తిరగడం అంటే మాటలా. ఫోన్ చేస్తే వాళ్ళ అన్నదమ్ములు, ఏరా, పెళ్ళాం జీతం అందిందా అని నవ్వేవాళ్ళు. ఈయన కూడా నవ్వేసేవారు. ఫోన్ పెట్టేశాక అంట్లు కొంచెం గట్టిగా తోమేవారు, అంతే.

ఆ మొదటి ఏడు వేసవిలో అల్ అహ్సా చూడ్డానికి వెళ్ళాం. వీణ చంకలో పిల్ల. రాజ్‌కుమార్ ఇంకా పుట్టలేదు. ఒక హోటల్లో ఫ్యామిలీ సెక్షన్ అని తెరలు కట్టి ఉంటే అందులో కూర్చుని తిన్నాం. తిన్నాక కుర్రాడు బిల్లు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఎక్కడైనా అంతేగా, మగాడి ముందే పెడతారు. ఆయన దాన్ని నా వైపు జరిపారు. నేను పర్సు తీశాను. ఆ కుర్రాడు ఏ ఊరివాడో గానీ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి పళ్ళికిలించాడు. ఆ చూపు ఇప్పుడు తలుచుకున్నా నాకు చెయ్యి దురద పెడుతుంది. ఆయన మొహం ఎర్రబడింది. తిరిగొచ్చేటప్పుడు దమ్మామ్‌లో ఆగి ఒక పెద్ద ఐస్ బాక్సు కొందాం అన్నారు. ఎందుకండీ అంటే, ఇక నుంచి ఎక్కడికెళ్ళినా మన తిండి మనం పట్టుకెళ్దాం మణీ, పిల్లదానికి బయటి తిండి పడదు అన్నారు. పిల్లదానికి అప్పటికి పళ్ళే రాలేదు. నాకు అర్థమైంది, సరే అన్నాను.

అక్కడి నుంచి మొదలైంది ఆయన రాజ్యం. ఇంట్లో వంట ఎలాగూ ఆయనదే, నా డ్యూటీలకి తలా తోకా ఉండదు కదా. కానీ ప్రయాణం వంట వేరు. వారం ముందు నుంచే ఇల్లంతా పెళ్ళివారిల్లయిపోయేది. జంతికలు, చేగోడీలు, సున్నుండలు ముందే చేసి రేకు డబ్బాల్లో పెట్టి మూతల కింద గుడ్డ బిగించేవారు. బయల్దేరే ముందు రోజు పులిహోర, ఉల్లి లేకుండా వేయించిన కోడి ముక్కలు, మర్నాటికి చపాతీలు, గుడ్లు. గోంగూర పచ్చడి సీసా నిలబడి ఉండటానికి పాత చెప్పుల డబ్బా అట్టతో గూడు కట్టేవారు. నేను డ్యూటీ నుంచి వచ్చి ఒక సున్నుండ తీసుకోబోతే చేతి మీద కొట్టేవారు. ఇది ప్రయాణానిది, ముట్టుకోకు. ఆసుపత్రిలో పదిమందిని గడగడలాడించే మనిషిని, ఇంట్లో సున్నుండ కోసం దొంగతనం చేసేదాన్ని.

దానికి పద్ధతులు కూడా పెట్టారు మహానుభావుడు. ప్రార్థన చేయకుండా ఎవరూ రుచి చూడకూడదు, వండే ఆయనతో సహా. ఆయన నోట్లో వేసుకుని చూడగా నేనెప్పుడూ చూడలేదు. గిన్నె మీద మూత తీసి ముక్కు పెట్టి, ఉప్పు చాలలేదు అని ఇంకో చిటికెడు వేసేవారు. ఉప్పుకి వాసన ఉంటుందా అండీ, మీరే చెప్పండి. ఆయనకి ఉండేది. అభా కొండల వైపు వెళ్ళేటప్పుడు ఇంకో పద్ధతి. గుడ్లూ చపాతీలూ పొద్దున తినేయొచ్చు, జంతికల డబ్బా మాత్రం రియాద్ దాటాకే తెరవాలి. రియాద్ ట్రాఫిక్‌లో వెనక సీట్లో పిల్లలిద్దరూ, దాటామా నాన్నా, దాటామా నాన్నా అని గోల. దాటాక ఏదో ఒక పెట్రోలు బంకు పక్కన, మసీదు గోడ నీడలో చాప పరిచేవాళ్ళం. అక్కడ అందరూ అంతే కదా, సౌదీ వాళ్ళూ కార్పెట్లు పరుచుకుని వాళ్ళ కాఫీ, గహ్వా ఫ్లాస్కులతో కూర్చుంటారు. మొదటి జంతిక వీణకి. అది ఎందుకు మొదలైందో గానీ వీణకే. అది కరకరమని కొరికి, బాగుంది నాన్నా అనాలి, అప్పుడు మిగతావాళ్ళకి చేతులాడాలి. ఆ ఎండలో, ఆ దుమ్ములో, లారీల మోతలో ఆ చాప మీద కూర్చున్నంత సుఖంగా నేను నా జన్మలో ఎక్కడా కూర్చోలేదు. ఇది నిజం.

పిల్లలు పెద్దయ్యారు. పెద్దయితే తెలుసుగా. వీణ ప్లస్ టూ చదివేటప్పటికి ఐస్ బాక్సు అంటే దానికి నామోషీ అయిపోయింది. స్నేహితురాళ్ళు హోటల్లో ప్లేట్ల ఫోటోలు పెడుతుంటే మనం రోడ్డు పక్కన చెప్పులు విప్పుకుని కూర్చోవాలా అని సణుగుడు. ఆయనకి వినబడేలాగే అనేది. ఆయన వినబడనట్టే ఉండేవారు. తర్వాత అది డిగ్రీకి విశాఖపట్నం వెళ్ళిపోయింది. ఆపైన కరోనా వచ్చింది, ప్రయాణాలు పోయాయి, ఐస్ బాక్సు బాల్కనీలో దుమ్ము కొట్టుకుపోయింది.

నాకు వార్డులో అంటుకుంది, నా నుంచి ఆయనకి. నాకు మూడు రోజుల్లో తగ్గిపోయింది, ఆయన్ని మాత్రం పడేసింది. లేచి తిరుగుతున్నాక అందరు పేషెంట్లని అడిగినట్టే అడిగాను, వాసన తెలుస్తోందా అని. కాఫీ పొడి సీసా మూత తీసి పెట్టాను. ఆ, బ్రహ్మాండంగా తెలుస్తోంది, కాఫీ పొడి అన్నారు. సీసా కనబడుతూనే ఉంది మరి, నా తెలివి మండా. ఆ తర్వాత కూడా ఇంట్లో వంట ఎప్పట్లాగే ఉండేది. ఒక్కటి మాత్రం మారింది. పొయ్యి దగ్గర ఎవర్నీ మాట్లాడనిచ్చేవారు కాదు. మిక్సీ వేసుకుంటే విసుక్కునేవారు. నీరసం వల్ల చిరాకు అనుకున్నాను. ఆవాల చిటపటలు వింటున్నారని, ఉల్లిపాయ రంగు చూస్తున్నారని, చెవులతో కళ్ళతో వండుతున్నారని నాకేం తెలుసు.

ఏడాది దాటాక వీణ వేసవి సెలవలకి వచ్చింది. దాని సూట్‌కేసు మా ఆడబిడ్డ సర్దింది. నాకు రెండు పట్టుచీరలు, తన తమ్ముడికి, అదే మా ఆయనకి, ఇష్టమని మరలో ఆడించిన కొత్త బియ్యప్పిండి ఒక గుడ్డ సంచీ నిండా. పట్టుచీరలకి పురుగు పడుతుందని మా ఆడబిడ్డ భయం, అందుకని చీరల మడతల్లో కలరా ఉండలు వేసింది. ఆవిడ చేతి ధారాళం సంగతి నాకు తెలుసు, గుప్పెళ్ళతో వేసి ఉంటుంది. ఆ చీరల మధ్య ఇరికించి పెట్టింది పిండి సంచీని. సూట్‌కేసు తెరవగానే గుప్పుమంది. నేను చీరలు తీసి బాల్కనీలో ఆరేశాను, పిండి సంగతి ఆయన ముక్కే చూసుకుంటుందిలే అనుకున్నాను. పిండి సంచీని వీణ వాళ్ళ నాన్న చేతికిచ్చేసి స్నానానికి పోయింది. ఆయన మొహం చూడాలి. అక్క పంపిన పిండి అని దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వంటింట్లోకి తీసుకెళ్ళారు. అభా వెళ్దాం మణీ, మళ్ళీ అందరం వెళ్దాం అన్నారు.

జంతికలు చేసిన రోజు నాకు నైట్ డ్యూటీ. పిల్లలు షాపింగ్ అని దమ్మామ్ వెళ్ళి తిరిగొచ్చేసరికి వంటిల్లు తుడిచేసి ఉంది, డబ్బాలు బిగించేసి ఉన్నాయి. వీణ మాత్రం మొహం గంటు పెట్టుకుంది. అభాలో ఇప్పుడు ఎన్నో కొత్త కెఫెలొచ్చాయట. ఈసారన్నా మనుషుల్లా కుర్చీల్లో కూర్చుని తిందాం అమ్మా, నాన్నతో నువ్వు చెప్పు అంది. నువ్వే చెప్పుకో, నాకు ఆయనతో యుద్ధం చేసే ఓపిక లేదన్నాను. అది చెప్పలేదు. చెప్పలేకపోయింది, ఆయన ఆ వారమంతా అంత హుషారుగా ఉన్నారు.

తెల్లారకముందే బయల్దేరాం. గుడ్లూ చపాతీలూ కార్లోనే అయిపోయాయి. రియాద్ దాటి, ఖర్జ్ కూడా దాటాక బంకు దగ్గర ఆగాం. రాజ్‌కుమార్ చాప పరిచాడు. ఆయన ప్రార్థన చేశారు, ఇన్నాళ్ళకి అందర్నీ ఒకచోట కూర్చోబెట్టావు ప్రభువా అని. తర్వాత డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత లాగారు.

కలరా ఉండల కంపు. మామూలుగా కాదు, పాత బీరువా తలుపు తెరిచినట్టే. నాకు ఎదురుగా కూర్చున్నా మొహానికి కొట్టింది. ఆయన మాత్రం నవ్వుతూ అందులోంచి ఒక జంతిక ఏరి, విరక్కుండా పట్టుకుని వీణ చేతిలో పెట్టారు. అది నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. నా వైపు చూసింది.

కుర్రవెధవ రాజ్‌కుమార్‌కి నోరు ఆగుతుందా. కలరా ఉండల వాసనొస్తోంది నాన్నా అనేశాడు.

ఆయన నవ్వారు. ఛ, ఎక్కడ్రా అని ఇంకో జంతిక తీసి, వెనకటికి మిల్లులో ధాన్యం చూసినట్టే, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని గట్టిగా లోపలికి పీల్చారు. మేం ముగ్గురం ఆయన్నే చూస్తున్నాం.

"వాము వాసన రా అది. వాము కొంచెం ఎక్కువ వేశాను" అన్నారు.

పక్కింట్లో పప్పు మాడితే మా ఇంట్లోంచి చెప్పే మనిషి. ఆయన ఆ జంతిక కొరికేశారు కూడా, నములుతూ బాగానే ఉందిగా అంటున్నారు. అప్పుడు నేను భార్యలా ఆలోచించలేదు, నర్సులా లేచాను. ఊసెయ్యండి అని అరిచాను. వీణ చేతిలోది లాగి అవతల పారేశాను, డబ్బా లాక్కున్నాను. పక్క కార్పెట్ మీద కూర్చున్న సౌదీ ఆవిడ గహ్వా కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆయన ఊసేశారు. నోరు తుడుచుకుని ఒక్కొక్కరి మొహం చూశారు. మా మొహాల మీదే చదువుకున్నారు.

ఎప్పటి నుంచండీ అని అడిగాను. జ్వరం అప్పటి నుంచే అన్నారు. నోటికి కూడా తెలీదట. ఏం తిన్నా తడిసిన అట్టముక్క నమిలినట్టే ఉంటుందట. నాతో ఎందుకు చెప్పలేదు, నేను నర్సునా కాదా, డాక్టర్ల మధ్యే కదా నా బతుకు అని కోపం, ఏడుపు కలిసి ఏదేదో వాగాను. ఆయన పులిహోర గిన్నె వైపు చూసి నెమ్మదిగా అడిగారు.

"మణీ, మిగతావి కూడా అలాగే ఉన్నాయా?"

పులిహోర బంగారంలా ఉంది. కోడి ముక్కలు బాగున్నాయి. ఆ పిండితో చేసినవి జంతికలూ చేగోడీలే. నేను చెప్తూనే ఉన్నాను, ఆయన వినలేదు. పిల్లలు తినేది నేను చూసి చెప్పలేకపోతున్నాను, అలాంటిది వాళ్ళ నోట్లో ఎలా పెట్టను అన్నారు. లేచి ఒక్కొక్క గిన్నే తీసుకెళ్ళి బలదియా వాళ్ళ, అంటే మునిసిపాలిటీ వాళ్ళ, చెత్త డ్రమ్ములో గుమ్మరించారు. రాజ్‌కుమార్ అడ్డం వెళ్తే వాణ్ణి పక్కకి జరిపారు. వీణ చాప మీదే కూర్చుని మోకాళ్ళలో మొహం పెట్టుకుంది. సున్నుండల డబ్బా నేను చీర కొంగు కింద దాచాను కాబట్టి బతికింది.

ఆ రాత్రి మకాం వాదీ దవాసిర్‌లో. పిల్లలు ఆకలితో ఉన్నారు, హోటల్‌కి వెళ్ళాం. కుర్చీలు, బల్లలు, చల్లటి ఏసీ, వీణ కోరుకున్నవన్నీ ఉన్నాయి. ఆయన కారు దిగలేదు. నాకు ఆకలి లేదు, మీరు తినేసి రండి అన్నారు. వీణ ప్లేటులో మెతుకులు కెలికి లేచిపోయింది. ఆయనకి మంది అని ఇక్కడి మాంసం అన్నం పొట్లం కట్టించి తెచ్చి, తింటారా నన్ను ఏడిపిస్తారా అంటే, రెండు ముద్దలు మింగారు. మింగారు అనే అనాలి, తిన్నారు అనడానికి లేదు.

అభాలో రోజు అద్దె ఫ్లాటు తీసుకున్నాం. రెండు రోజులు కొండలు చూశాం, మబ్బులు చూశాం. ఆయన కారు నడిపేవారు, అడిగిన చోట ఆపేవారు. భోజనం వేళకి, మీకు నచ్చిన చోటికి పదండి, వీణ చెప్పిన కెఫెకి పదండి అనేవారు. లోపలికి కూడా వచ్చేవారు. వచ్చి గోడ పక్క కుర్చీలో టీ ముందు పెట్టుకుని కూర్చునేవారు. బిల్లు వస్తే ఎత్తి నాకే అందించేవారు, మొహంలో ఏమీ ఉండేది కాదు. ఆ రోజుల్లో ఆ అల్ అహ్సా హోటల్లో ఆయన మొహం ఎర్రబడింది, అదే నయం. ఇప్పుడు ఆ బిల్లు ఎవరిదైతే ఏం అన్నట్టు ఉన్నారు. ఇంటికెళ్ళాక వంటకి ఎవరినన్నా పెట్టుకుందాం మణీ అని కూడా అన్నారు, వాతావరణం సంగతి చెప్పినంత తేలిగ్గా. ఇరవై ఏళ్ళు ఈ దేశంలో ఆ మనిషిని నిలబెట్టింది ఆ గరిటె ఒక్కటే. అది కూడా పోతే ఇక మా ఆయన మళ్ళీ నాకు దక్కరని భయం పట్టుకుంది.

మూడో రోజు పొద్దున నాకు తిక్క రేగింది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, ఆయనది పోయిందిగా, నాదన్నా పనికిరావాలి. ఎవరికీ చెప్పకుండా టాక్సీ కట్టించుకుని బజారుకి వెళ్ళి కోడి కొట్టించాను. అల్లం వెల్లుల్లి ముద్ద, ఉల్లిపాయలు, కొత్తిమీర, నూనె, ఉప్పు, పసుపు, కారం, మసాలా, ఒక చిన్న గ్యాసు పొయ్యి కొన్నాను. ఫ్లాటులో గిన్నెలు మూట కట్టి, కారెక్కమని అందర్నీ తోలాను. కొండ మీద చెట్ల మధ్య అందరూ వండుకునే చోట ఆపించి ఆయన ముందు పొయ్యి దడేలుమని పెట్టాను. వండండి అన్నాను.

నావల్ల కాదన్నారు. ఇంట్లో అయితే అలవాటు మీద లాక్కొచ్చాను, ఇక్కడ ఈ గాలికి మంట నిలవదు, కొత్త గిన్నె, ఏది ఉడికిందో ఏది పచ్చిగా ఉందో నాకు ఎలా తెలుస్తుంది అన్నారు. మీరు ముట్టుకోకపోతే ఈ కోడిని ఆ కోతులకి వేస్తాను అన్నాను. నిజంగానే గోడ మీద కోతులు బారుగా కూర్చుని చూస్తున్నాయి. అయినా ఆయన కదల్లేదు. చేతులు కట్టుకుని లోయ వైపు తిరిగారు. అరవడం తప్ప ఏమీ రాని దానికి అరుపు కూడా అయిపోతే ఏం మిగులుతుంది. కూర్చుని ఉల్లిపాయలు కోసుకుంటూ ఏడ్చాను.

అప్పుడు వీణ వచ్చి పొయ్యి వెలిగించింది. గాలికి అడ్డంగా కార్లోంచి చాప తెచ్చి తమ్ముణ్ణి పట్టుకోమంది. గిన్నె పెట్టి నూనె పోసి, ఎంత పోయాలి నాన్నా అంది. ఆయన తిరగలేదు. ఎంతో కొంత పొయ్యి అన్నారు. ఉల్లిపాయలు వేసింది. అల్లం వెల్లుల్లి ముద్ద వేసింది. వంట రాని పిల్ల, ముద్ద అడుగంటడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకి ఆయన ఆగలేకపోయారు. మంట తగ్గించవే అంటూ వచ్చి గరిటె లాక్కున్నారు.

రెండు తిప్పులు తిప్పి ఆగిపోయారు. గిన్నె మీదికి వంగి ముక్కు పెట్టబోయి, అంతలోనే గుర్తొచ్చి వెనక్కి లేచారు. ఆ వంగడం, ఆ లేవడం నేను చూడలేకపోయాను.

"పచ్చివాసన పోయిందో లేదో నాకు తెలీదమ్మా" అన్నారు వీణతో.

పచ్చివాసన అంటే ఎలా ఉంటుంది నాన్నా అని అడిగింది అది. ఇన్నేళ్ళూ ఆ వంట తిన్న పిల్ల ఆ మాట అడుగుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన చెప్పారు, పొగ కాకుండా ఆవిరి పీల్చి చూడు, ముక్కులో గుచ్చుకుంటుందా అని. అది వంగింది. గుచ్చుకుంటోంది, కళ్ళ వెంట నీళ్ళొస్తున్నాయి అంది. అయితే పచ్చే, ఇంకా వేగాలి అని తిప్పారు. మళ్ళీ వంగమన్నారు. ఇప్పుడు తగ్గింది గానీ గొంతులో పట్టుకుంటోంది అంది. ఇంకా కొంచెం అన్నారు. ఇంకోసారి. అది కళ్ళు మూసుకుని చాలాసేపు వంగి ఉండి, పోయింది నాన్నా, ఇప్పుడు ఏమీ గుచ్చుకోవట్లేదు, ఆకలేస్తోంది అంది. ఆయన కోడి ముక్కలు వేశారు.

అలా మొదలై ఇద్దరూ ఆ గిన్నె వదల్లేదు. పసుపెప్పుడు, కారమెప్పుడు, నీళ్ళెన్ని అని ఆయన చెప్పడం, అది వంగి చూసి చెప్పడం. ముందు సరిగా చెప్పలేకపోయింది. బాగుంది అంటే కసిరారు, బాగుంది అంటే నాకేం తెలుస్తుందే, ఎలా ఉందో చెప్పు అని. ఆ కసురు వినగానే నా ప్రాణం లేచొచ్చింది. ఏడాదిన్నర తర్వాత ఆయన గొంతులో ఆ అధికారం. మబ్బు దిగి చెట్లన్నీ కమ్మేసింది. రాజ్‌కుమార్ చేతులు నొప్పెట్టి చాప అటూ ఇటూ మారుస్తున్నాడు. నేను మాత్రం నోరు మెదపలేదు, నా జన్మలో మొదటిసారి.

చివర్న మసాలా, కొత్తిమీర వేసి మూత పెట్టారు. కాసేపాగి మూత తీసి వీణ వైపు గిన్నె వంచారు. దింపే వాసన వేరుగా ఉంటుంది, తొందరపడకు, అది వచ్చాకే చెప్పు అన్నారు. అది ఆవిరి మొహం నిండా పట్టుకుంది. వచ్చిందా అని ఆయన అడిగారు. తల ఊపింది. ఎలా ఉందో చెప్పమన్నారు.

"స్కూలు బస్సు దిగి మన మెట్లెక్కుతుంటే వచ్చేది నాన్నా. మూడో అంతస్తు దాకా పరిగెత్తేవాళ్ళం, అదే."

ఆయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ మెట్లు, ఆ పరుగు, ఆ తలుపు దగ్గర తను నిలబడటం, అన్నీ ఆయనకి కనబడుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది.

"అయితే అయిపోయిందే తల్లీ" అని గిన్నె దింపారు.